తాటాకు ప్రతి నుంచి తెర మీది పాఠం దాకా: తెలుగు పాఠపరిష్కరణలో కాలం

ప్రస్తావన

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) 1820లో కడపకు వచ్చేనాటికి తెలుగు ఆయనకు కొలువు కోసం నేర్వవలసిన భాష మాత్రమే. వేమన పేరు కూడా ఆయనకు తెలుగు పండితుల నోట కాక, ఫ్రెంచి మతప్రచారకుడు అబె దుబ్వా హిందువుల ఆచారవ్యవహారాలపై రాసిన గ్రంథం ద్వారా 1824లో తెలిసింది. ఆ ఏట మొదలైన అన్వేషణ 1829లో 693 పద్యాల సంపుటంగా, 1839లో 1164 పద్యాల సంపుటంగా మద్రాసులో అచ్చుకెక్కింది. మొదటి కూర్పుకు ఐదేళ్ళు, రెండవ కూర్పుకు మరో పదేళ్ళు పట్టిందన్నమాట. ఇవాళ వేమన పేరు టైపు చేస్తే లెక్కకు మించిన పద్యాలు క్షణంలో తెర మీదికి వస్తాయి. వాటిలో బ్రౌన్ చూసినవి ఏవో, చూసి వదిలివేసినవి ఏవో, ఆయన కాలానికి పుట్టనే పుట్టనివి ఏవో ఆ తెర చెప్పదు. ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం నిదానంగా సాగే పని. ఆ నిదానం పరిశోధకుడి స్వభావం వల్ల వచ్చింది కాదు. సాక్ష్యాల స్వరూపమే దాన్ని కోరుతుంది. తెలుగు పాఠపరిష్కరణ చరిత్రలోని కొన్ని ఘట్టాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

వేమన ప్రతులు: బ్రౌన్ చేసిన పని, చేయలేని పని

వేమనకు మూలప్రతి లేదు. కవి స్వయంగా రాసుకున్నట్లు గానీ, శిష్యుడెవరో రాసిపెట్టినట్లు గానీ నమ్మదగిన ఆధారం కనిపించదు. పద్యాలు జనం నోట బతికాయి. రాయసగాళ్ళు తమకు వచ్చినవి, తమకు నచ్చినవి తాటాకులకెక్కించారు. ఆటవెలది చిన్న పద్యం. చివరి పాదం ముందే సిద్ధంగా ఉంటుంది. మిగిలిన మూడు పాదాలు కూర్చగలిగిన ప్రతివారూ వేమన కాగలరు. అందువల్ల ఏ రెండు ప్రతుల్లోనూ పద్యాల సంఖ్య గానీ, వరుస గానీ, పాఠం గానీ ఒకటిగా ఉండదు. ప్రబంధానికి ఆశ్వాసాల కట్టుబాటు ఉంటుంది, కథ ఉంటుంది. ఒక పద్యం జారిపోతే అతుకు తెలుస్తుంది. వేమన విషయంలో ఆ ఆధారం కూడా లేదు.

బ్రౌన్ ముందుగా ప్రతులు పోగుచేయించాడు. మచిలీపట్నంలో వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి ఆయనకు తెలుగు పద్యం చదవడం నేర్పారు. తర్వాత కడపలో సొంత బంగళాలోనే పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. తాటాకు ప్రతులకు కాగితం మీద నకళ్ళు తీయించడం, పద్యాలకు అకారాది పట్టికలు వేయించడం, ఒకే పద్యం వేర్వేరు ప్రతుల్లో ఏ రూపంలో ఉందో పక్కపక్కన పెట్టి చూడడం, పాఠభేదాలు గుర్తించడం, పండితుల చర్చ తర్వాత ఒక పాఠాన్ని నిర్ణయించడం అక్కడ నిత్యం జరిగిన పని. తర్వాతి కాలంలో జూలూరి అప్పయ్య వంటివారితో వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాలను పరిష్కరింపజేసినప్పుడూ ఆయన అనుసరించిన మార్గం స్థూలంగా ఇదే. ఖర్చు సొంత జీతం నుంచే పెట్టాడు, అప్పులపాలయ్యాడు కూడా.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. బ్రౌన్ ఒక ప్రతిని ఆధారంగా తీసుకుని దాని పాఠాన్ని నిలబెట్టలేదు. అన్ని ప్రతుల్లోంచీ మేలైనదిగా తోచిన పాఠాన్ని ఎంచుకున్నాడు. మేలైనది ఏదో నిర్ణయించినవారు ప్రబంధాల ఛందస్సు, వ్యాకరణం వంటపట్టిన పండితులు. జనం నోటి పద్యంలోని గరుకు వారి చేతిలో ఎంత నునుపెక్కిందో ఇప్పుడు చెప్పడం కష్టం. మొదటి సంపుటానికి పద్యాలను ఏరడంలోనూ, నీతి, వ్యంగ్యం, తత్త్వం అంటూ భాగాలుగా విడదీయడంలోనూ బ్రౌన్ అభిరుచి స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగువారు నీతికవిగా ఎరిగిన వేమన రూపురేఖల్లో కొంత భాగం ఆ వర్గీకరణ నుంచే వచ్చిందని భావించడం అతిశయోక్తి కాదు.

అయినా బ్రౌన్ కృషికి ఒక గుణం ఉంది. ఆయన నిర్ణయాలను తిరగతోడవచ్చు. ఆయన సేకరించిన ప్రతులు, రాయించిన నకళ్ళు నేటి చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తకాలయానికి చేరాయి. మెకంజీ, లేడెన్ సేకరణలతో పాటు బ్రౌన్ సేకరణ కూడా ఆ సంస్థకు పునాది. ఏ పాఠాన్ని కాదని ఏ పాఠాన్ని తీసుకున్నాడో పరీక్షించదలచినవారికి సామగ్రి మిగిలే ఉంది. ఆంగ్లేయ ఉద్యోగి కాబట్టి బ్రౌన్‌ను ఆకాశానికి ఎత్తడమో, అదే కారణంగా కిందికి లాగడమో తెలుగులో తరచుగా జరుగుతూ వచ్చింది. ఆయన వదిలి వెళ్ళిన నకళ్ళను విప్పి చూడడం మాత్రం అంత తరచుగా జరగలేదు.

విప్పి చూసినవారికి ఫలితం దక్కింది. బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి బ్రౌన్ లేఖలను, కాగితాలను ఏళ్ళ తరబడి వెతికి వెలికి తీశారు. వేమన విషయంలో మరో మలుపు పారిస్ నుంచి వచ్చింది. ఫ్రెంచి జెసూట్ మతగురువులు 18వ శతాబ్దపు తొలి భాగంలో దక్షిణ భారతం నుంచి పంపిన ప్రతులలో వేమన పద్యాల ప్రతి ఒకటి అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఎన్. గోపి దాన్ని పరిష్కరించి 1990లో ‘వేమన పద్యాలు: పారిస్ ప్రతి’గా ప్రకటించారు. ఆ ప్రతి బ్రౌన్ అన్వేషణ కంటె సుమారు ఒక శతాబ్దం ముందుది. అందువల్ల దానిలో ఉన్న ప్రతి పద్యానికీ ఒక కాలపు హద్దు దొరికింది: ఆ పద్యం ఎవరిదైనా కావచ్చు, కానీ 18వ శతాబ్దపు తొలి భాగానికే వేమన పేరు మీద చెలామణిలో ఉంది. గోపి అంతకు ముందే వేమనపై డాక్టరేటు పరిశోధన చేసినవారు. ‘ప్రజాకవి వేమన’ గ్రంథం 1980లో వచ్చింది. ఒకే కవితో ఇన్నేళ్ళ సాంగత్యం లేనివారికి పారిస్ ప్రతి చేతికి అందినా దానిలో ఏమి వెతకాలో తెలియదు.

ర, ఱ: ఒక అక్షరం చెప్పే సాక్ష్యం

మానవల్లి రామకృష్ణకవి (1866–1957) తంజావూరు గ్రంథాలయంలోని ప్రతి ఆధారంగా నన్నెచోడుని కుమారసంభవం మొదటి భాగాన్ని 1909లో ప్రకటించారు. కవి నన్నయకు పూర్వుడని, 10వ శతాబ్దివాడని ఆయన ప్రతిపాదన. ఆ ప్రతిపాదన నిలిస్తే ఆదికవి స్థానమే మారుతుంది. సహజంగానే చర్చ తీవ్రంగా సాగింది. గ్రంథం ప్రామాణికతనే శంకించినవారూ ఉన్నారు. దశాబ్దాల వాదోపవాదాల అనంతరం అధిక సంఖ్యాకులు నన్నెచోడుణ్ణి 12వ శతాబ్దికి చెందినవాడిగా అంగీకరించారు.

తీర్పు కంటె ఇక్కడ గమనించవలసింది తీర్పుకు దారితీసిన సామగ్రి. కవి చెప్పుకున్న వంశక్రమాన్ని చోడుల శాసనాలతో పోల్చారు. గురువు మల్లికార్జునుడెవరో శైవ సంప్రదాయంలో వెతికారు. వస్తుకవిత, జానుదెనుగు, దేశి, మార్గ వంటి మాటల వాడుకను కన్నడ కవులతో, పాల్కురికి సోమనాథునితో సరిపోల్చారు. యతిప్రాసలను, వ్యాకరణ రూపాలను పద్యం పద్యంగా పరీక్షించారు. ఏ ఒక్క ఆధారమూ ఒంటరిగా చాలలేదు.

తెలుగు కావ్యాల కాలనిర్ణయానికి పండితులు ఆధారపడే పరీక్షలలో రేఫ, శకటరేఫల వ్యవహారం ఒకటి. ప్రాచీన కవులు ర, ఱలకు ప్రాస కూర్చరు. ఉచ్చారణలో ఆ రెండింటి భేదం సన్నగిల్లేకొద్దీ పద్యాలలో వాటి సాంకర్యం పెరుగుతుంది. ఒక కావ్యంలో సాంకర్యం ఉన్నదా లేదా, ఉంటే ఎన్ని చోట్ల ఉన్నది అన్నది కవి కాలం గురించి చిన్నదే అయినా ఒక సాక్ష్యం. అరసున్న సంగతీ అంతే. ఒక పదం పూర్వరూపం ఏమిటో, దానిలో ఒకప్పుడు నిండుసున్న ఉండేదో లేదో చెప్పే గుర్తు అది.

ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కిన కావ్యపాఠాలను చూస్తే, వాటిలో అనేకం ఱ స్థానంలో ర పెట్టి, అరసున్నలు తీసివేసి టైపు చేసినవి. చదువరికి సౌకర్యం కోసమే ఆ పని జరిగింది. సామాన్య పాఠకుడికి దానివల్ల నష్టమూ లేదు. కాని అటువంటి పాఠం మీద ఎంత శక్తిమంతమైన యంత్రంతో లెక్కలు వేసినా ర, ఱల సాంకర్యం గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. సాక్ష్యం టైపు చేసిననాడే చెరిగిపోయింది. పైగా అది చెరిగిన జాడ కూడా తెలియదు. తాటాకుకు పురుగు కొడితే రంధ్రం కనిపిస్తుంది, అక్కడ అక్షరలోపం ఉందని పరిష్కర్త గుర్తు పెడతాడు. తెర మీది పాఠంలో రంధ్రాలుండవు.

శాసనభాష విషయంలో ఇబ్బంది మరింత మౌలికమైనది. రేనాటి చోళుల తొలి తెలుగు శాసనాలలో తర్వాతి కాలంలో వాడుక తప్పిన అక్షరాలున్నాయి. చోళ శబ్దంలో ఒకప్పుడు ఉన్న ఴ కాలక్రమంలో కొన్నిచోట్ల డగా, కొన్నిచోట్ల ళగా మారింది. చోడ, చోళ అనే రెండు రూపాలూ అలా నిలిచాయి. తెలుగు అక్షరాలకు యూనికోడులో 1991 నుంచే చోటు ఉన్నా, ఴ అక్షరం 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో మాత్రమే చేరాయి. అంతకు ముందు శాసనపాఠాన్ని కంప్యూటరులోకి ఎక్కించినవారు ఆ అక్షరం బదులు మరేదో వాడక తప్పలేదు. ఆ అక్షరాలకు స్థానం దొరకడానికి కూడా ఎవరో శాసనప్రతులు ముందేసుకుని, అది ళకు రూపాంతరం కాదని, వేరే అక్షరమని ఉదాహరణలతో నిరూపించవలసి వచ్చింది. యంత్రం వేగానికి ముందు నిదానమైన పని ఒకటి జరిగి తీరాలనడానికి ఇంతకంటె నేరుగా ఉదాహరణ దొరకదు.

వెతికితే దొరకనివి

ప్రాచీన పాఠాలలో పదాన్వేషణ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నేటి సిద్ధాంత వ్యాసాలలో ‘ఈ పదం ఫలానా కవి వాడలేదు’ అనే నిర్ణయాలు వెతుకుడు పెట్టె ఫలితం మీద ఆధారపడి వెలువడుతున్నాయి. తెలుగు సంధివ్యవస్థ ఆ నిర్ణయాలను నిలవనివ్వదు. ‘చూచి’ అనే రూపాన్ని తీసుకుంటే, ద్రుతం మీద అది ‘జూచి’ అవుతుంది. ప్రథమ మీద గసడదవాదేశం వచ్చి ‘సూచి’ కావచ్చు. ‘పోయె’ అని వెతికేవారికి ‘వోయె’, ‘బోయె’ దొరకవు. అచ్చు సంధి జరిగిన చోట పదం మొదటి అక్షరమే పూర్వపదంలో కలిసిపోతుంది. పద్యంలో పాదం చివర విరిగిన పదం రెండు పంక్తులలో చీలి ఉంటుంది. బాలవ్యాకరణం తెలిసిన పరిశోధకుడు ఈ రూపాలన్నిటినీ ఊహించి వెతకగలడు. అప్పుడు యంత్రం అతనికి నెలల పనిని గంటల్లో చేసిపెడుతుంది. తెలియనివాడికి అదే యంత్రం లేదన్న జవాబును పూర్తి ధీమాతో ఇస్తుంది.

ఉపకరణాలను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం, దాని భాగంగా రూపొందిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లేకపోతే వేటపాలెం, రాజమండ్రి, హైదరాబాదు గ్రంథాలయాలలో మాత్రమే దొరికే పాత అచ్చులు చిన్న ఊరి కళాశాల అధ్యాపకుడి చేతికి ఎన్నటికీ వచ్చేవి కావు. తర్వాత ఆ జాలస్థలం మూతపడ్డా, వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచి ఉండడం తెలుగు పరిశోధనకు జరిగిన మేలు. అయితే ఆ పుస్తకాల పేర్లను రోమను లిపిలో ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. ఒకే గ్రంథం నాలుగు వర్ణక్రమాలలో ఉంటుంది. కర్త పేరు స్థానంలో ప్రకాశకుడి పేరు, ముద్రణ సంవత్సరం స్థానంలో పునర్ముద్రణ సంవత్సరం కనిపిస్తాయి. అట్ట లోపలి పుట తెరిచి చూడనివారు 1950ల పునర్ముద్రణను తొలి ముద్రణగా ఉదాహరించే ప్రమాదం ఉంది.

కూర్పుల భేదం ఎంత పని చేస్తుందో కన్యాశుల్కం చూపుతుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన నాటకం ఐదు అంకాలది. 1909లో వచ్చిన రెండవ కూర్పు ఏడు అంకాలది. గురజాడ చేసినది కేవలం సవరణ కాదు, దాదాపు మరో నాటకం రాయడం. మధురవాణికి మొదటి కూర్పులో లేని ప్రాధాన్యం రెండవదానిలో వచ్చింది. ‘కన్యాశుల్కంలో గురజాడ స్త్రీ దృక్పథం’ అనే శీర్షికతో సిద్ధాంత వ్యాసం రాసేవారు ఏ కన్యాశుల్కమో చెప్పకపోతే ఆ వ్యాసానికి ఆధారమే ఉండదు. పన్నెండేళ్ళలో ఆ దృక్పథం మారిందా అన్నదే అసలు ప్రశ్న కదా. అరుదైపోయిన మొదటి కూర్పును వెతికి పట్టుకుని తిరిగి అచ్చు వేయించినది మళ్ళీ బంగోరెయే.

ఈ పరిస్థితికి ఇటీవల మరో అంశం తోడైంది. పాఠాన్ని సొంతంగా కూర్చగల యంత్రాలు వచ్చాయి. వేమన మకుటంతో ఆటవెలది కావాలని అడిగితే అవి పద్యం లాంటిదొకటి ఇస్తాయి. యతి తప్పవచ్చు, గణం తప్పవచ్చు, రేపు తప్పకపోవచ్చు. ఒక రకంగా ఇది పాత సమస్యే. రచ్చబండ మీద కూర్చుని వేమన పేరుతో పద్యం కట్టిన అజ్ఞాత కవులు చేసినదీ ఇదే. కాని వారి పద్యాలు ఒక కాలానివి, ఒక సీమవి. వారి మాండలికం, వారి కసి వాటిలో ఉన్నాయి. వేమన పద్యం కాకపోయినా అది చరిత్రకు పనికివచ్చే పత్రమే. యంత్రం కట్టిన పద్యానికి ఆ పాటి ఆధారం కూడా లేదు. రెండూ ఒకే జాలపుటలో, ఒకే అక్షరాలలో కలిసిపోయాక వేరుచేయడానికి మిగిలే ఒకే దారి రాతప్రతికి తిరిగి వెళ్ళడం.

గడువులు

పూర్వపు పండితులకు కాలం ఊరికే దొరకలేదు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడినా ఇంకా ‘అ’ అక్షరం దాటలేదు. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు పని ఆంధ్ర సాహిత్య పరిషత్తు తొలి ఏళ్ళలోనే మొదలైనా మొదటి సంపుటం 1936లో గానీ రాలేదు. రామకృష్ణకవి అభినవభారతీ సహితంగా పరిష్కరించిన నాట్యశాస్త్రం మొదటి సంపుటం బరోడా నుంచి 1926లో వస్తే నాలుగవది 1964లో, ఆయన పోయిన ఏడేళ్ళకు వచ్చింది. వీటిలో ఏ పనీ ఒక వ్యక్తి ఉద్యోగోన్నతి గడువులో ఇమిడేది కాదు. లక్ష్మణరావు ప్రణాళిక మోతాదు మించినదని విమర్శించవచ్చు. ‘అ’ దగ్గర ఆగిన సర్వస్వం జిల్లా పాఠశాల ఉపాధ్యాయుడికి ఏమి ఉపయోగమని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నిదానం దానికదే గుణం కాదు. సాగదీతకు కూడా అదే పేరు పెట్టుకున్నవారు తెలుగు శాఖలలో ఏనాడూ కొదవలేదు.

నేటి విశ్వవిద్యాలయ వ్యవస్థలో కాలాన్ని నిర్ణయించేది నిబంధన. 2010 నుంచి అధ్యాపకుల నియామకాలలో, పదోన్నతులలో పాయింట్ల లెక్క ప్రవేశించింది. డాక్టరేటు విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించేలోగా కనీసం ఒక పత్రం ప్రచురించాలన్న నియమం కొన్నేళ్ళు అమలులో ఉండి, 2022 నిబంధనలతో తొలగింది. పత్రికల నాణ్యత కోసం రూపొందించిన జాబితాను 2025లో యూజీసీయే ఉపసంహరించుకుంది. నియమం పోయినా అది నేర్పిన అలవాటు పోలేదు. ఎంపిక సంఘం ముందు కూర్చున్న అభ్యర్థిని ఎన్ని పత్రాలు అని అడుగుతారు. ఎన్ని ప్రతులు చూశావని అడగడం అరుదు. అందువల్ల పరిశోధకుడు ప్రతి అవసరం లేని అంశాన్ని ఎంచుకుంటాడు. ఒక నవలలో స్త్రీ పాత్రలు, ఒక కవిలో సామాజిక స్పృహ: ఇవి తప్పు అంశాలు కావు. కానీ శాఖలోని ప్రతి విద్యార్థీ అటే వెళితే తాటాకు చదవగల కళ్ళు ఒక తరంలో కరువవుతాయి. గొలుసుకట్టు రాతను, పదాల మధ్య ఖాళీ లేని పంక్తులను, తలకట్టుకూ దీర్ఘానికీ తేడా చెరిగిన గంటపు గీతలను చదవడం పుస్తకం చూసి నేర్వగలిగేది కాదు. చదివేవారి పక్కన కూర్చుని నేర్వాలి. ప్రతులన్నిటికీ ఛాయాచిత్రాలు తీసిపెట్టినా వాటిని చదివేవారు లేకపోతే అవి బొమ్మలుగానే మిగులుతాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. బ్రౌన్ రెండవ కూర్పులోని 1164 పద్యాలను తీసుకుని, నాలుగు రాతప్రతులతో సరిచూడాలని ఒక విద్యార్థి పూనుకున్నాడనుకుందాం. రోజుకు పది పద్యాలు నిర్దుష్టంగా సరిచూస్తే ఒక్కో ప్రతికి 116 రోజులకు పైగా పడుతుంది. నాలుగు ప్రతులకు సుమారు 466 రోజులు. గ్రంథాలయం సెలవులు, తరగతులు, ప్రయాణాలు పోను ఏడాదికి 220 పనిదినాలు దక్కుతాయనుకున్నా రెండేళ్ళు దాటుతుంది. డాక్టరేటుకు కనీస వ్యవధి మూడేళ్ళు. ఆ రెండేళ్ళ చివర అతని చేతిలో ఉండేది ఒక పట్టిక: ఎడమ వైపు పద్యం సంఖ్య, దాని ఎదురుగా నాలుగు గళ్ళు, ఉన్నదో లేదో, ఉంటే ఏ పాఠంతో ఉన్నదో. అందులో వ్యాఖ్యానం ఒక్క వాక్యం కూడా ఉండదు. ప్రస్తుత లెక్కలో దానికి పాయింట్లు లేవు. వేమన మీద ఇకముందు రాయబోయే ప్రతి వ్యాసానికీ ఆ పట్టిక కావాలి.